కన్నం వేసే పనివాళ్లు

ఏప్రిల్ నెల, రోలుగుంట శివారులో ఒక చెరకు తోట. మొక్కలు ఇంకా మోకాలెత్తు దాటలేదు. వాటి మధ్య అక్కడక్కడ కర్రలు పాతి, కర్రకొకటి చొప్పున చిన్న ప్లాస్టిక్ బుట్టలు కట్టారు. పైన గొడుగులాంటి మూత, మూత కింద గరాటు, గరాటుకు వేలాడుతూ పొడుగాటి పాలిథీన్ సంచి. మూత లోపలివైపు చిటికెన వేలి గోరంత రబ్బరు బిరడా ఒకటి. దాని దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూడబోయాను.

"అంత దగ్గిరికెల్లి సూస్తన్నారేటి బాబూ? మనకేటీ రాదు" అన్నాడు తోట రైతు. "ఆటికొస్తాది. ఆడదుందనుకొని మగయి ఎగేసుకొచ్చి పడతాయి."

"రోజుకెన్ని పడతాయి మావయ్యా?"

"ఒకనాడు రెండు, ఒకనాడు పది. లెక్క రాసుకోమన్నారు, రాస్తన్నాం."

సంచి అడుగున గడ్డి రంగు పురుగులు అయిదో ఆరో ఉన్నాయి. చెరకు రైతుకు వీటిని పరిచయం చేయనక్కర్లేదు. పీక పురుగు రెక్కలొచ్చాక ఉండే రూపం ఇది. దీని గొంగళి లేత పిలకలోకి తొలుచుకుని పోతే మొవ్వు ఎండిపోతుంది. పట్టి లాగితే సులువుగా ఊడి చేతికొస్తుంది, ముక్కు మూసుకోవలసిన కుళ్లు వాసనతో. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి బండి కట్టేవాళ్లూ, అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు తోలేవాళ్లూ తరతరాలుగా తిట్టుకుంటున్న పురుగు. 1913 నుంచి చెరకు మీద పరిశోధనలు చేస్తున్న అనకాపల్లి కేంద్రానికీ ఇది పాత శత్రువే. పుస్తకాల్లో ఈ బుట్టల పేరు లింగాకర్షక బుట్టలు. రైతు నోట ఉత్త 'బుట్ట'. ఎకరానికి నాలుగైదు.

ఆ బుట్టలో పడేవన్నీ మగవే. ఈ సంగతి విన్నప్పుడు మొదట జాలి వేసింది, తర్వాత ఆశ్చర్యం వేసింది. రబ్బరు బిరడాకు పట్టించిన మందు మన ముక్కుకు లేనట్టే. గాలిలో పడి ఎంత పలచబడినా ఆ పురుగు దాన్ని పసిగడుతుంది. అదేం ముక్కు? ఎలా చేశారు దాన్ని?

పురుగు ముక్కు దాని మీసంలో ఉంటుంది. పీక పురుగు మీసం దారప్పోగులా ఉంటుంది, చూడటానికి పెద్ద విశేషంగా అనిపించదు. పని బాగా చూడాలంటే పట్టుపురుగు మగ చిలకను అరచేతిలో పెట్టుకుని చూడాలి. దాని మీసం రెండు వైపులా పళ్లున్న దువ్వెన. ఒక్కో పంటి మీద మళ్లీ సన్నటి వెంట్రుకలు. ఒక్కో మీసానికి ఆడదాని వాసనను పట్టే వెంట్రుకలు దాదాపు 17,000. వెంట్రుక లోపల నరం ఉంటుంది. ఆ వాసన అణువు ఒక్కటి తగిలినా చాలు, నరం కదులుతుంది. ఆ వాసన ఏమిటో తేల్చడానికి జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం అయిదు లక్షల ఆడ చిలకల గ్రంథులు కోసింది. ఫలితం ప్రకటించింది 1959లో. మనుషులు అయిదు లక్షలు కోసి తెలుసుకున్నదాన్ని మగ చిలక ఒక్క గాలి తెర చాలు తెలుసుకోవడానికి.

పెంపుడు పట్టుపురుగుకు ఎగరడం చేతకాదు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి ఆ విద్య పోగొట్టుకుంది. అయినా ఆడదాని వాసన తగలగానే మగది రెక్కలు టపటపా కొట్టుకుంటూ గిరగిరా నడుస్తుంది. గుడ్ల కేంద్రాల్లో పనిచేసేవాళ్లు రోజూ చూసే నాట్యమిది. ఎగరలేని జీవికి ఆ రెక్కల విసురెందుకు? విసనకర్ర పని అది. రెక్కలు ఆడించి ముందున్న గాలిని తన మీసాల మీదికి లాక్కుంటుంది. వాసన తనను వెతుక్కుంటూ రాదు కదా, గాలిని తానే పిలిపించుకుంటోంది. పోయిన విద్యలోంచి పనికొచ్చే ముక్కను దాచుకున్నట్టు!

ఎగిరే చిలకల పని ఇంకా గడ్డు. వాసన గాలిలో దారంలా సాగదు. పొగ తెరలా చిరిగిపోయి, ఇక్కడో పీలిక అక్కడో పీలికగా వస్తుంది. పీలిక తగిలితే మగది గాలికి ఎదురు ఎగురుతుంది. తగలకపోతే ముందుకు పోదు, ఎడమకూ కుడికీ అడ్డంగా ఊగుతూ వెతుకుతుంది. మళ్లీ తగిలితే మళ్లీ ఎదురు. చీకట్లో, గాలిలో, తాను కొట్టుకుపోతూ కూడా. ఇంత పనితనాన్ని నాలుగు కర్రలకు కట్టిన రబ్బరు బిరడాలతో మనం మోసం చేస్తున్నాం. రైతు కష్టం తెలుసు కాబట్టి తప్పంటానికి నోరు రాదు గానీ, సంచి విప్పి దులిపేటప్పుడు ఆ మీసాలను ఒక్కసారి చూడకుండా ఉండలేను.

అయితే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ముక్కున్న మగవి కావు. వాటికి పుట్టుకతోనే పనిముట్టు ఒంటికి అతికి వచ్చింది. ఒంట్లో లేనిదాన్ని బయట తయారు చేసుకునే మగవి కొన్ని ఉన్నాయి. గమ్మత్తేమిటంటే, నేను వెతికి పోగుచేసుకున్న ఆ పనివాళ్లందరి విద్యా ఒకటే: కన్నం వేయడం.

పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న హిందూపురం దాటి దక్షిణంగా పోతే కర్ణాటకలో గౌరిబిదనూరు వస్తుంది. సరిహద్దు మారిందని బోర్డు చెప్పాల్సిందే తప్ప చెవికి తెలియదు, అక్కడా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఆ గౌరిబిదనూరు దగ్గరి ఉల్లోడు అనే ఊరి బీళ్లలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి రోహిణి బాలకృష్ణన్, ఆమె శిష్యులు ఏళ్ల తరబడి రాత్రిళ్లు టార్చిలైట్లు పట్టుకుని తిరిగారు. వెతికింది ఒక చెట్టు కీచురాయిని. ఇంట్లో బల్లల కింద అరిచే నల్ల కీచురాయి కాదు. ఇది లేతాకుపచ్చ, సన్నం, రెక్కలు గాజుకాగితాల్లా ఉంటాయి. శాస్త్రనామం ఈకాంథస్ హెన్రై. అమెరికా ఖండం నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించిన కలుపు మొక్క ఒకటుంది. ఆకు నలిపితే తులసి వాసన కొడుతుంది. ఆ మొక్కే దీని వేదిక.

కీచురాయి పేరులో రాయి ఎలా చేరిందో నిఘంటువులు రాసేవాళ్లు చెప్పాలి. దాని రెక్కలో మాత్రం నిజంగానే ఆకురాయి ఉంది. వడ్రంగి రంపానికి పదును పెట్టే ఆకురాయి లాగే ఒక రెక్క అడుగున వరసగా పళ్లుంటాయి. రెండో రెక్క అంచు దాని మీద గీసుకుంటూ పోతుంది. గీసినప్పుడు రెక్కల్లోని పలచటి పొర మోగుతుంది. పాడేది మగదే. ఆడది ఎక్కడో ఆకు చాటున కూర్చుని వింటుంది, నచ్చితే నడిచి వస్తుంది. చుట్టూ ఉన్న గాలిని బట్టి ఒంటి వేడి మారే జీవి కాబట్టి పాట శ్రుతీ మారుతుంది: గాలి 18 డిగ్రీలున్నప్పుడు సెకనుకు 2,300 కంపనాల దగ్గర పాడే మగది, 28 డిగ్రీలకు 3,300 దాకా ఎక్కుతుంది. ఉష్ణమాపకం లేనివాళ్లు కీచురాళ్ల కూతలను లెక్కపెట్టుకుంటే చాలని అమెరికాలో ఏమస్ డోల్బేర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1897లోనే ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన లెక్క వేరే కీచురాయిది, వేరే దేశానిది. మనవాటికి అతికించి చూడకండి.

ఇక్కడ చిక్కు ఒకటుంది. ఆ శ్రుతిలో ఒక్కో ధ్వని తరంగం పొడవు పది సెంటీమీటర్లు దాటుతుంది. రెక్క చూస్తే చిటికెన వేలి గోరంత. ఇంత చిన్న రేకు అంత పొడుగు తరంగాన్ని పుట్టించబోతే ఏమవుతుంది? రెక్క ముందుకు ఊగినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి వదులవుతుంది. ఆ నొక్కుడూ ఈ వదులూ రెక్క అంచుల చుట్టూ తిరిగి వచ్చి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. గాయకుడు గొంతు చించుకుంటున్నా సగం పాట వాడి వీపు వెనకే చచ్చిపోతుంది.

ఇది అర్థం కాకపోతే మైకుసెట్టు కుర్రాణ్ణి అడగండి. స్పీకరును పెట్టెలోంచి ఊడదీసి బల్ల మీద పెట్టి పాట వేయమనండి. డప్పు చప్పుడు పోయి చప్పగా కీచుమంటుంది. అదే స్పీకరును ఒక పెద్ద చెక్కకు కన్నం కోసి అందులో బిగిస్తే గొంతు వస్తుంది. ముందు గాలికీ వెనక గాలికీ మధ్య చెక్క అడ్డుగోడ కట్టింది కాబట్టి. పెళ్లి పందిట్లో ఆ నల్లపెట్టెలు మోసుకు తిరిగేది ఇందుకే.

మన కీచురాయి చేసేదీ అక్షరాలా అదే. ఆకు మీదెక్కి, మధ్యలో నోటితో కన్నం కొరుకుతుంది. అంచు నుంచి కొరుక్కుంటూ రాదు, అలా తినేది ఆకలిగొన్న గొంగళి. నడిమిన, తన రెక్కల కొలతకు సరిపడా కొరుకుతుంది. పని అయ్యాక ఒళ్లు కొంత ఇటు, కొంత అటు సర్దుకుని, ఎత్తిపట్టిన రెక్కలు సరిగ్గా ఆ కన్నాన్ని మూసేలా కూర్చుంటుంది. ఇప్పుడు రెక్క ఒక్కటే కాదు, ఆకంతా ఒక పలక. ముందు గాలి వెనక గాలిని కలవాలంటే ఆకు చుట్టూ తిరిగి రావాలి. పాట రెండు మూడు రెట్లు బిగ్గరగా వినిపిస్తుంది.

కీచురాళ్లకు ఈ విద్య ఉందని మొదట ప్రపంచానికి చెప్పింది దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు, 1975లో, వేరొక జాతిని చూసి. అది ఒక వింతగా పుస్తకాల్లో మిగిలిపోయింది. పని నాణ్యత ఎంత అని కొలబద్ద పెట్టి చూసింది నటాషా మాత్రే, రిట్టిక్ దేబ్, రోహిణి బాలకృష్ణన్, ఇంగ్లండులోని డేనియల్ రాబర్ట్, మరికొందరు కలిసి. వాళ్ల లెక్క 2017లో అచ్చయింది. ఎంత పెద్ద ఆకైతే, కన్నం ఆకుకు ఎంత నడిమినుంటే, కన్నం కొలత రెక్కల కొలతకు ఎంత దగ్గరైతే అంత మంచి మోత అని గణితం చెప్పింది. కీచురాళ్లకు పెద్దాకు, చిన్నాకు రెండూ ఇచ్చి చూశారు. పెద్దాకునే ఎంచుకున్నాయి. కన్నం కొలత చూశారు. రెక్కలకు సరిపోయింది. ఒక ఆకు చెడగొట్టి, రెండోది కాస్త మెరుగుపరచి, మూడోది బాగా చేయడం అంటూ లేదు. మొదటి ఆకుకే పని కుదిరింది.

నాకు తెలిసిన వడ్రంగి ఎవరూ మొదటి తలుపు ఇంత బాగా చేయలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క తర్వాత వచ్చింది, 2020లో. ఇంత మంచి ఉపాయం తెలిసినప్పుడు ప్రతి మగదీ ఆకుకు కన్నం వేసుకోవాలి కదా! వేసుకోవు. బీళ్లలో పాడేవాటిలో చాలావరకు ఆకు అంచునో కొమ్మ మీదో కూర్చుని ఉత్త రెక్కలతోనే పాడతాయి. ఆకు పలక పట్టేవి కొన్నే. అవెవరని కొలిచి చూస్తే, ఒళ్లు చిన్నవి, సహజంగా గొంతు తక్కువవి. ఆడది బిగ్గరగా పాడేవాడి వైపు మొగ్గుతుంది. పెద్ద ఒళ్లున్నవాడికి ఆ గొంతు పుట్టుకతో వచ్చింది, వాడు కొమ్మ మీద కూర్చుని పాడుకుంటాడు. పీలగొంతువాడు ఆకు వెతుక్కుంటాడు. పనిముట్టు పట్టాక వాడి పాటా పెద్దవాడి పాటతో సమానంగా చెవిన పడుతుంది.

మోసం అక్కడితో ఆగదు. మోసం అనాలా పనితనం అనాలా అన్నది మీ ఇష్టం. కూడినప్పుడు మగది ఆడదానికి వీర్యం నింపిన చిన్న తిత్తిని అంటిస్తుంది. అది ఎంతసేపు అంటి ఉంటే అంత లాభం. నచ్చని మగదైతే ఆడది ఆ తిత్తిని తొందరగా పీకి తినేస్తుంది! పెద్ద పాట విని వచ్చిన ఆడది, ఎదురుగా ఉన్నది పీలగాడే అయినా, పెద్దవాడికి ఇచ్చినంత సమయమే ఇచ్చింది. కళ్లతో కాకుండా చెవితో వరుణ్ణి కొలిచింది మరి. పైగా ఈకాంథస్ కుటుంబంలో మగదాని వీపు మీద, రెక్కల కింద ఒక గుంట ఉంటుంది. అందులో ఊరే రసాన్ని ఆడది కూడిక సమయంలో నాకుతూ ఉంటుంది. పాట ఒక్కదానితో పెళ్లి జరగదు, విందు కూడా పెట్టాలి.

పాడటానికి ఖరీదు ఎలా ఉంటుందో పసిఫిక్ సముద్రంలోని కవాయి దీవిలో తెలిసింది. అక్కడి కీచురాళ్ల పాట వినే చెవులు ఆడవాటికే కాదు, ఒక ఈగకు కూడా ఉన్నాయి. అది పాట పట్టుకుని వచ్చి పిల్లల్ని గాయకుడి మీద వదులుతుంది. అవి లోపలికి తొలుచుకుపోయి తినేస్తాయి. ఇరవై తరాలు తిరగకుండానే ఆ దీవిలో మగవాటిలో ఎక్కువ భాగం రెక్కలో పాడటానికి పనికొచ్చే ఆకురాయి లేకుండా పుట్టడం మొదలుపెట్టాయని 2006లో మార్లీన్ జుక్ బృందం రాసింది. మూగ మగవి ఏం చేస్తాయి? ఇంకా పాడగలిగిన ఒకరిద్దరి పక్కన చేరి కూర్చుంటాయి. పాట వాడిది, పాట విని వచ్చిన ఆడది దారిలో దొరికిన వీడిది. ఇదీ ఒక పద్ధతే. పనితనం జాబితాలో మాత్రం నేను చేర్చను.

రెండో కన్నంగాడి ఇల్లు మనందరికీ తెలుసు. మేడి చెట్టు, మా వైపు బొడ్డ చెట్టంటారు. దాని పండు పొట్టలో పురుగులుంటాయన్నది తెలుగువాడు బడిలో నేర్చుకునే మొదటి ప్రకృతి పాఠం. పైకి నిగనిగలాడుతూ లోపల పురుగులున్న పండును వేమన పిరికివాడి బింకంతో పోల్చాడు. ఎవరికీ ఆ పండును మళ్లీ విప్పి చూడాలనిపించనంత గట్టిగా అతికింది పోలిక. విప్పితే పిరికితనం అన్న మాట వాడటానికి మనసొప్పదు.

నిజానికి మేడిపండు పండు కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. గోడ లోపలివైపు అంతా వందల కొద్దీ పూలు. రెండు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండే నల్లని కందిరీగ ఒకటి, సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్ దాని పేరు, కాయ కొనన ఉన్న ఇరుకు నోట్లోంచి దూరుతుంది. ఎంత ఇరుకంటే రెక్కలు అక్కడే తెగిపోతాయి. లోపల పూలకు పుప్పొడి అంటించి, కొన్ని పూల అండాశయాల్లో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పడిన ప్రతి పువ్వూ ఒక చిన్న గదిగా ఉబ్బుతుంది. గదికొక పిల్ల.

ముందు పుట్టేవి మగవి. వీటికి రెక్కలుండవు, కళ్లు నామమాత్రం, ఒళ్లు పాలిపోయిన తేనె రంగు. ఉన్నవి దవడలు, దూరదర్శిని గొట్టంలా సాగే పొట్ట. పుట్టిన గదికి కన్నం వేసుకుని బయటికి వస్తుంది, అంటే పండు లోపలి చీకట్లోకి. ఆడవి ఇంకా తమ తమ గదుల్లోనే ఉంటాయి. మగది పక్క గది గోడ తడిమి, దానికి సరిగ్గా పొట్ట కొన పట్టేంత కన్నం కొరికి, పొట్ట సాగదీసి లోపలున్న ఆడదాన్ని కలుస్తుంది. ఆడది ఇంకా పుట్టలేదు, గదిలోంచి బయటికి రాలేదు. పెళ్లయిపోయింది. పీక పురుగు మగది మైదానాలు దాటి వాసన వెంట పడుతుంది. దీనికి వెతకడమంటే గోడ పక్కన గోడ.

తర్వాతి పని నాకు ఇంకా గొప్పగా తోస్తుంది, ఎందుకంటే దానివల్ల చేసేవాడికి చిల్లిగవ్వ లాభం లేదు. మగవన్నీ ఒకచోట చేరి పండు గోడకు సొరంగం తవ్వుతాయి. గోడ దళసరి, పాలు కారుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కొరుకుతాయి. మూసి ఉన్న పండు లోపల బొగ్గుపులుసు వాయువు దండిగా పేరుకుని ఉంటుంది. రావి కాయల మీద ఇజ్రాయెల్‌లో గలీల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్లు 1973లో చేసిన పరిశీలనలో తేలిందేమిటంటే, ఆ వాయువు ఎక్కువున్నంతసేపూ మగవి చురుగ్గా పనిచేస్తాయి, ఆడవి మత్తులో ఉంటాయి. సొరంగం బయటికి తెరుచుకోగానే తాజా గాలి లోపలికి వస్తుంది. వాయువు పలచబడుతుంది. మగవి చల్లబడతాయి. ఆడవి మేలుకుంటాయి. మేలుకుని, గదుల్లోంచి వచ్చి, పుప్పొడి మూటగట్టుకుని, మగవి తవ్విపెట్టిన దారిన ఎగిరిపోతాయి. మగవి కొన్ని సొరంగం కొసన కిందికి జారిపడతాయి, కొన్ని లోపలే ఉండిపోతాయి. బయట ఎర్రచీమలు కాచుకుని ఉంటాయి. రెక్క లేని, చూపు లేని ఆ కూలీలకు లోకమంటే ఒక్క పండు.

పిరికివాడి మనసులో ఉండేవి ఇలాంటివైతే పిరికితనం గురించి మనం మళ్లీ ఆలోచించుకోవాలి. వేమనతో తగవు పెట్టుకోవడం లేదు; ఆయన పండు విప్పింది నీతి కోసం, నేను విప్పింది గోడ చూడటానికి.

అన్నట్టు, ఇదే మేడికాయకు బయటినుంచి కన్నం వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆడవాళ్లు. ఎపోక్రిప్టా వెస్ట్‌వుడీ అనే మరో కందిరీగ, తల వెంట్రుక కన్నా సన్నటి గుడ్ల సూదితో పచ్చికాయ గోడను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. ఆ సూది మొనలో జింకు లోహం చేరి గట్టిపడి ఉందని లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రత గుండయ్య 2014లో చూపించారు, ఇదీ బెంగళూరు సంస్థలోనే. మనింటి బోరు బండి వాళ్లు బిట్టుకు గట్టి లోహం అతికించుకుంటారు, ఇది ఒంట్లోనే పండించుకుంది. మగవాళ్ల పనితనం మీద రాస్తూ మధ్యలో దీన్ని తెచ్చానని అనకండి. కన్నం మాట వచ్చాక దీన్ని దాటిపోవడం అన్యాయం.

ఆ లెక్కన తుమ్మెద సంగతీ చెప్పాలి. పువ్వు పువ్వునూ వాలే మగవాడికి గుర్తుగా మన కవులు తుమ్మెదను ఎంత వాడుకున్నారో! పూరింటి వెదురు వాసాలకు, దూలాలకు గుండ్రటి కన్నం తొలిచి, కింద పొట్టు రాల్చేది ఆ నల్ల తుమ్మెదే. తొలిచేది మాత్రం ఆడది. మగ తుమ్మెద చాలా జాతుల్లో ఒక తావు చూసుకుని గాల్లో ఉన్నచోటే ఆగి కాపలా కాస్తుంది, వచ్చిన ప్రతి మగదాన్నీ తరుముతుంది, ఆడది అటు వస్తుందేమోనని చూస్తుంది. గాలిలో ఆ నిలకడ చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. ఇంటికి చిల్లు పెట్టిన కళాకారుడు మాత్రం అది కాదు.

మూడోవాడు పేడ పురుగు. పశువుల శాల ఉన్న ఊళ్లో పుట్టినవాడికి దీన్ని చూపించనక్కర్లేదు. పేడ ఉండ దొర్లించుకుపోయే రకాలు కొన్ని, పేడ కిందనే సొరంగం తవ్వి లోపలికి మోసే రకాలు కొన్ని. ఈ రెండో రకంలో ఆంథోఫేగస్ అనే పెద్ద కుటుంబం ఉంది, మన దేశంలోనూ దండిగా ఉంది. మగవాటిలో చాలావాటికి తల మీద కొమ్ములు. కానీ అన్నిటికీ కావు. పిల్లగా ఉన్నప్పుడు తిండి బాగా దొరికి ఒక స్థాయి దాటి పెరిగినవాడికి కొమ్ములు వస్తాయి, ఆ స్థాయికి చేరనివాడికి కొమ్ములు దాదాపు ఉండవు. నడిమి రకం తక్కువ.

కొమ్ములవాడి పద్ధతి మనకు తెలిసిందే. ఆడది సొరంగంలో పని చేసుకుంటుంటే వాకిట్లో అడ్డంగా కూర్చుంటాడు. మరో మగవాడు వస్తే కొమ్ములు తగిలించి తోస్తాడు. ఊళ్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఎక్కువ వర్ణించను. కొమ్ముల్లేనివాడి పద్ధతిని పనామాలో ఒక జాతిని చూసి డగ్లస్ ఎమ్లెన్ 1997లో వివరంగా రాశాడు. వాడు వాకిట్లోకి వెళ్లి గొడవ పడడు. కాస్త దూరంలో విడిగా ఒక సొరంగం తవ్వుతాడు, దాన్ని నేల లోపల పక్కకు తిప్పి కాపలావాడి సొరంగంలోకి, వాడి కాళ్ల కింద, కలుపుతాడు. పైవాడు వాకిలి కాస్తూనే ఉంటాడు. కొమ్ములు లేకపోవడం ఇక్కడ అదనపు సౌకర్యం. ఇరుకు సొరంగంలో తగులుకునేదేమీ లేదు. దొంగ అనండి, నాకు అభ్యంతరం లేదు. పాతకాలపు దొంగ గోడకు కన్నం వేసేటప్పుడు ఇటుక వరస ఎక్కడ బలహీనమో తట్టి చూసేవాడట. నేల లోపల, చీకట్లో, కనిపించని మరో సొరంగానికి గురిపెట్టి తవ్వడం అంతకు తక్కువ విద్యేమీ కాదు.

మా కొబ్బరి తోటల కొమ్ము పురుగు కూడా కొమ్ములదే. గత్తం కుప్పల్లో పుట్టి, చెట్టు మొవ్వులో దూరి, ఆకు విచ్చుకునేసరికి కత్తెరతో కోసినట్టు చేస్తుంది. ఈ పురుగుల్లో వాసన వదిలి పిలిచేది మగది. పీక పురుగులో ఆడది పిలుస్తుంది, మగది పోతుంది. ఇక్కడ మగది పిలుస్తుంది, ఆ పిలుపుకు ఆడా మగా రెండూ వస్తాయి. అందుకే కొబ్బరి తోటలో కట్టే బకెట్లో రెండూ పడతాయి, చెరకు తోట బుట్టలో మగవే పడతాయి. రైతు దృష్టిలో ఇది చిన్న తేడా కాదు: గుడ్లు పెట్టేది పడిందా లేదా అన్నదే అతని లెక్క.

కన్నం, కొమ్ము ఏవీ లేకుండా వేళను పట్టుకున్నవి తేనెటీగలు. శ్రీలంకలో చూసిన లెక్క ఇది. మగ ఈగలు ఆడదాన్ని వెతుక్కుంటూ ఎగిరే సమయం చిన్న తేనెటీగలో మధ్యాహ్నం రెండున్నర లోపు, తొర్ర తేనెటీగలో నాలుగుంబావు నుంచి అయిదుంబావు దాకా, కొండ తేనెటీగలో ఆరు దాటాక మసక చీకట్లో. దగ్గరి చుట్టాలు, దాదాపు ఒకే వాసనకు కదులుతాయి. ఒకే ఆకాశంలో కలగాపులగం కాకుండా మూడిళ్లకు మూడు ముహూర్తాలు. పురోహితుడు లేడు.

కార్తీక మాసంలో మళ్లీ రోలుగుంట వెళ్లాను. చెరకు మనిషిని దాటి పెరిగింది, బుట్టలు విప్పి చావిట్లో పడేశారు. తోట వెనక కొండ మొదలయ్యే చోట బీడులో ఆ తులసి వాసన మొక్కలు గుబురుగా ఉన్నాయి. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని బయల్దేరాను. వద్దంటే వినకుండా రైతూ వచ్చాడు, "పురుగూ పుట్రా ఉంటాది, ఒక్కరూ ఎల్లకండి" అంటూ. పురుగుల కోసమే వెళ్తున్నానని చెప్తే నవ్వాడు.

పాట ఎటు చూసినా ఉంది, పాడేవాడు ఎక్కడా లేడు. వెలుగు వేస్తే ఆగిపోతుంది. ఆర్పి నిలబడితే ఇంకో వైపు నుంచి మొదలవుతుంది. రెండు గంటల్లో ఆకులు చాలా తిప్పాను. అంచుల నుంచి కొరికినవే అన్నీ. చివరికి ఒక ఆకు దొరికింది, నడిమిన కోలగా ఒక కన్నం ఉన్నది. కొలిచాను, చిటికెన వేలి గోరంత. చుట్టూ అంచు ఎక్కడా తెగలేదు. గాయకుడు లేడు. ఉల్లోడులో ఉన్నదే ఇక్కడా ఉందో లేదో చెప్పడానికి ఒక్క ఆకు చాలదని నాకు తెలుసు.

"గొంగళి తిన్నాది బాబూ."

"గొంగళైతే అంచు పట్టుకుని వస్తుంది కదా మావయ్యా. ఇది నడిమినుంది."

నేను వింటున్న పాట సంగతి, ఆకు పలక సంగతి, పీలగొంతువాడి సంగతి చెప్పాను. ఆయన మధ్యలో ఏమీ అనకుండా విన్నాడు. ఆకు నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులోంచి పాడతాదా?" అన్నాడు. తర్వాత ఆకును కంటికి ఆనించుకుని, ఆ కన్నంలోంచి టార్చి వెలుగు వైపు చాలాసేపు చూశాడు.